పంపు పూర్తయ్యేదాకా

2001 జూలై 9

ఇంటి ఖర్చుల పుస్తకం ఆయన కూడా తిరగేస్తారు కాబట్టి ఇది వేరే పెట్టాను. బియ్యం డబ్బాలో ఉంటుంది. మా ఇంట్లో బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టే మగవాడు ఇంకా పుట్టలేదు.

రాజమండ్రిలో డాక్టర్ వినీల గారు చెప్పినవి మరిచిపోకుండా రాసుకోవాలి. రోజు మొత్తానికి ఉప్పు చిన్న చెంచాలో సగం. నీళ్ళు, కాఫీ, చారు, మజ్జిగ అన్నీ కలిపి లీటరున్నర. రోజూ పొద్దున్నే పరగడుపున బరువు చూడాలి. బరువు గబగబా పెరిగిందంటే అది కండ కాదు, ఒంట్లో నిలిచిన నీరు. పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఆలస్యం చెయ్యకుండా రమ్మన్నారు.

గుండె కండ సాగిపోయిందట. తోడాల్సిన దాంట్లో సగం కూడా తోడడం లేదట. ఆవిడ కాగితం మీద బొమ్మ వేసి చెబుతుంటే ఆయన కళ్ళజోడు సర్దుకుని, "డిశ్చార్జి తగ్గిందన్నమాట. కేసింగు అరిగిపోయి ఉంటుందండి" అన్నారు. ఇన్నేళ్ళుగా పొలాలకు నీటి పంపులు చేసి అమ్మే మనిషికి ఇంకోలా అర్థం కాదు.

"మందులతో ఎన్నాళ్ళండి?" అని నేను అడిగాను.

"జాగ్రత్తగా ఉంటే చాలా కాలం ఉండొచ్చండి. మందులు, ఉప్పు, నీళ్ళు. మూడూ మీ చేతిలోనే ఉన్నాయి వీరవేణి గారూ" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనది ఏదైనా నా చేతిలో ఉందని ఒకరు అనడం ఇదే మొదలు.

అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది. ఆయన అడిగారు, గుండె మార్చే వీలు లేదా అని. ఆవిడ ఉన్న మాట చెప్పారు. విదేశాల్లో ఇప్పుడిప్పుడే చిన్న పంపు ఒకటి గుండె పక్కన అమర్చి చూస్తున్నారట. లోపల ఒక చక్రం ఆగకుండా తిరుగుతూ రక్తం తోడుతుందట. ఇంకా పరీక్షల్లోనే ఉందట, మన దగ్గర లేదట.

బస్సు ద్వారపూడి దాటాక నా వైపు తిరిగి, "సెంట్రిఫ్యూగలే. మనం చేసే రకమే" అన్నారు.

జూలై 11

బరువు 68. బాత్రూములో పెట్టుకునే కాటా కొందామంటే, ఇనుప పోతలు తూచే కాటా షెడ్డులో ఉండగా ఇంకోటి దేనికి అన్నారు. రోజూ పొద్దున్న ఆయన్ని పంపు కేసింగుల పక్కన నిలబెట్టి తూస్తున్నాను.

జూలై 20

బరువు 66. మందు పని చేస్తోంది. ఊరగాయ జాడీలు అటక మీదకి ఎక్కించాను. ఆయన భోజనం దగ్గర కూర్చుని అటక వైపు చూస్తున్నారు.

ఇవాళ ఉదయభాస్కర్ గారు వచ్చారు. ఊరి చివర వరిచేలల్లో కొత్తగా లేచిన ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ చెబుతారు. ఆ కాలేజీకి నాలుగంతస్తుల బిల్డింగు, దాని ముందు ఫౌంటెను, రంగుల బ్రోచరు అన్నీ ఉన్నాయి. లేతు మిషను మాత్రం మా షెడ్డులో ఉంది. పిల్లలకు అది చూపించడానికి నెలకోసారి తీసుకొస్తుంటారు. ఆయన గుండె పంపు సంగతి ఎత్తగానే లెక్చరరు గారి మొహం వెలిగిపోయింది.

"మనం ఎందుకు చెయ్యకూడదండి?"

"అదే నేనూ అంటున్నానండి."

మగవాళ్ళు ఇద్దరు ఒకరినొకరు అలా చూసుకుంటే నాకు భయం. పోయినసారి ఇలా చూసుకున్నప్పుడు గాలిమర కట్టారు.

ఆగస్టు 3

మొదటి పంపు తయారైంది. కొబ్బరికాయంత ఉంది. "ఇది గుండె పక్కన పట్టదండి. దీని పక్కన గుండె పట్టాలి" అన్నారు ఉదయభాస్కర్ గారు. చిన్నది చెయ్యాలి.

ఇంకో చిక్కు ఉంది. చక్రానికి ఇరుసు ఉంటుంది, ఇరుసు బయటికి వచ్చే చోటుని గ్లాండు అంటారు. అక్కడ బొట్టు బొట్టుగా కారుతూ ఉండాలని, కారకపోతే ఇరుసు వేడెక్కి పోతుందని ఆయన సిద్ధాంతం. పొలంలో అయితే నిజమే. ఫోను చేసి డాక్టరు గారిని కూడా అడిగారు.

"లోపల కారితే అది ఎక్కడికి పోతుందండీ?" అన్నారట ఆవిడ.

ఆ ప్రశ్న ఇప్పటివరకు ఏ రైతూ అడగలేదు. ఆయన ఇవాళ అన్నం సరిగ్గా తినలేదు.

ఆగస్టు 11

బరువు 66. షెడ్డులో మేక రక్తం. కాలేజీ వాళ్ళు గడ్డ కట్టకుండా మందు కలిపి తెచ్చారు. దాన్ని పంపులో తిప్పి, సీసాలో పోసి నిలవ ఉంచారు. కణాలు అడుగుకి దిగి పైన పసుపుగా తేలితే పంపు మంచిదట. ఎర్రగా తేలితే కణాలు పగిలినట్టట. మాది కుంకుమ కలిపినట్టు తేలింది.

"రక్తం నీళ్ళు కాదండి చంద్రరావు గారూ. చక్రం అంచు ఏమాత్రం గరుకుగా ఉన్నా కణం బతకదు" అన్నారు ఉదయభాస్కర్ గారు.

ఆయన చక్రాన్ని విప్పి, సన్న ఆకురాయితో, తర్వాత గుడ్డతో, సాయంత్రం దాకా రుద్దుతూ కూర్చున్నారు. ఆయాసపడలేదు. ఆయన్ని అలా ఒళ్ళు మరిచి పని చేస్తుండగా చూసి చాలా కాలమైంది. గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. నాకు ఈ పంపు మీద నమ్మకం లేదు. ఊరికే నిలబడ్డాను.

ఆగస్టు 19

పేపర్లో జిల్లా పేజీలో వేశారు. "రామచంద్రపురంలో కృత్రిమ గుండె". ఫోటోలో ఆయన పట్టుకున్నది గుండె పంపు కాదు, పొలానికి వేసే అయిదు హార్స్‌పవర్ల మోనోబ్లాక్. గుండె పంపు ఫోటోలో కనబడటం లేదని విలేఖరి గారే మార్పించారు.

ఆగస్టు 21

పొద్దుటి నుంచి జనం. అందరికీ కాఫీ. కాఫీపొడి తెప్పించాలి.

సేవా సంఘం ప్రెసిడెంటు భీమరాజు గారు అరుగు మీద కూర్చుని అందరి తరఫునా అడుగుతున్నారు.

"ఎన్ని హార్స్‌పవరండి?"

"అంత ఉండదండి. బెడ్‌లైటు బల్బుకి అయ్యేంత కరెంటు చాలు."

"త్రీఫేజా, సింగిల్ ఫేజా?"

"బ్యాటరీ అండి. ఎప్పటికప్పుడు కరెంటుతో చార్జి పెట్టుకోవాలి."

"వ్యవసాయ కనెక్షను కింద రాయించండి, చార్జీ కలిసొస్తుంది. ఆఫీసులో మనవాళ్ళున్నారు." ఇంతలో భీమరాజు గారికే అనుమానం వచ్చింది. "అయితే మరి, కరెంటు పోతే ఏంటండి?"

అరుగంతా నవ్వింది. పక్క వీధి చిట్టియ్య అయితే కిందపడి నవ్వాడు. మా ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పనక్కర్లేదు, ఎప్పుడుంటుందో చెప్పుకుంటాం. మా వారు మాత్రం నవ్వలేదు.

ఆగస్టు 30

బరువు 67. కడియం నుంచి బుల్లెమ్మ వదిన పులస పులుసు పంపింది. ఆయనకి అక్క, తల్లి తర్వాత తల్లి. వదిన చేతి పులుసులో ఉప్పు ఎక్కువే ఉంటుంది. ఒక్క ముక్కే వేశాను. రెండో ముక్క చిన్నది.

సెప్టెంబరు 9

సేవా సంఘం వారి సన్మానం. సన్మాన పత్రం భీమరాజు గారే చదివారు. "భగవంతుడు మరిచిపోయిన విడిభాగాన్ని తయారు చేసిన అపర విశ్వకర్మ" అని ఉంది. తయారు కాలేదని ఎవరూ అనలేదు. నన్ను కూడా వేదిక మీదకి పిలిచి చీర పెట్టారు. వంకాయ రంగు, జరీ అంచు. పెళ్ళయ్యాక జనం ముందు నా పేరు మైకులో వినబడటం ఇదే.

తర్వాత భోజనాలు. ఆకులో ఉప్పు తగలనిది ఆ అరిటాకు ఒక్కటే. ఆవపెట్టిన పనసపొట్టు, పులిహోర, అప్పడాలు, చల్లమిరపకాయలు, మూడు రకాల ఊరగాయలు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. నిజంగానే పెట్టారు. భీమరాజు గారు స్వయంగా గరిటె తీసుకుని వచ్చి, "ఆయ్, మా చేతి వంట తమరికి ఆనదేంటండీ" అన్నారు. తరువాత ఆ చెయ్యి ఎలా అడ్డం ఉంటుంది. మనిషికి వడ్డించడానికి పది మంది నిలబడే ఊళ్ళల్లో వద్దనడం తిట్టినట్టే.

సెప్టెంబరు 10

బరువు 68. శాలువా కప్పుకుని ఎక్కారు. శాలువా తీసేసి చూడాల్సింది.

సెప్టెంబరు 16

మండపేటలో సన్మానం. చీర ఆకుపచ్చ. బరువు 69. కాటా మీద పొద్దున్న పోతలు పెట్టినట్టున్నారు, ముల్లు కదిలింది. 68 వేసుకోవచ్చు.

సెప్టెంబరు 23

ద్రాక్షారామంలో సన్మానం. ఉదయభాస్కర్ గారికి కూడా కలిపి చేశారు. శాలువాలు కప్పి కప్పి ఇద్దరూ కనబడలేదు. చీర మామూలుదే.

సెప్టెంబరు 30

పాదాలు ఒరుసుకుపోయాయి. కొత్త చెప్పులు. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంది. కొత్త చెప్పులు కరిస్తే అలాగే ఉంటుంది.

అక్టోబరు 6

రెండు దిళ్ళు వేసుకుంటున్నారు. దూది అణిగిపోయింది. కొత్త దిళ్ళు కుట్టించాలి.

అక్టోబరు 13

రేపు కాలేజీలో ప్రదర్శన. పంపు ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. చూడటానికి ముచ్చటగా ఉంది. పోయిన పరీక్షలో రంగు కొంచెం తగ్గింది, కుంకుమ నుంచి గులాబీకి వచ్చింది. మూడు దిళ్ళు.

బరువు చూడటం మరిచిపోయాను.

అక్టోబరు 14

జరిగినది జరిగినట్టు రాస్తాను.

కాలేజీ హాలు నిండింది. బల్ల మీద గాజు గొట్టాలు, వాటి మధ్య పంపు, ఎర్రరంగు నీళ్ళు. మేక రక్తం అయితే ఆడవాళ్ళు కళ్ళు తిరిగి పడతారని రంగు కలిపారు. బ్యాటరీ ఇంకా తయారవలేదు కాబట్టి గోడ ప్లగ్గులో పెట్టారు. ఆయన స్విచ్చి వేశారు. చప్పుడు లేదు. ఎర్రనీళ్ళు గొట్టాల్లో పరుగెత్తాయి. హాలంతా చప్పట్లు. బుల్లెమ్మ వదిన కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకున్నది చెమట.

కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది, గొట్టాల్లో నీళ్ళు ఆగి వెనక్కి జారాయి. వెనక వరసలోంచి భీమరాజు గారు మెల్లిగా, మైకు లేకపోయినా అందరికీ వినబడేలా, "ఇదే లోపల ఉండుంటే?" అన్నారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ మా వారి వైపు చూశారు. ఆయన పంపు వైపు చూస్తున్నారు. జనరేటరు వేయించి, శాలువాలు కప్పి, భోజనాలు పెట్టారు. ఆయన వద్దనకుండా తిన్నారు. బాధలో ఉన్నప్పుడు ఆయన వద్దనరు.

ఇంటికొచ్చి మంచం మీద వాలగానే లేచి కూర్చున్నారు. మళ్ళీ వాలారు, మళ్ళీ లేచారు. ఊపిరి లోపల గురగుర. "వేణీ, ఫుట్‌వాల్వు పోయినట్టుంది" అన్నారు. తోడిన నీరు వెనక్కి జారకుండా గొట్టం అడుగున ఆపేది అదే. ఆ మాట అనడానికి మూడుసార్లు ఆగారు. కారు మాట్లాడి రాజమండ్రి తీసుకెళ్ళాం.

అక్టోబరు 24

ఇంటికి వచ్చాం. బరువు 64. ఆస్పత్రిలో ఇంజక్షన్లతో తీసేసిన నీరు ఎంతో వాళ్ళ చార్టులో ఉంది. చూశాను. ఒక కడవ.

రెండో రోజు వినీల గారు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఏం తిన్నారండి?"

"మామూలేనండి."

"ఎక్కడ?"

"సన్మానాల్లోనండి."

"ఎవరికి సన్మానం?"

"నాకేనండి. గుండె పంపు చేస్తున్నానని."

ఆవిడ కాసేపు స్టెతస్కోపు కేసే చూసుకున్నారు. "ఉన్న పంపు ముందు కాపాడుకుందామండి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "రోజూ బరువు చూశారా అమ్మా?"

"చూశానండి."

"రాశారా?"

"రాశానండి."

ఇంకేమీ అడగలేదు. మంచి మనిషి.

ఇంకోసారి ఇలా వస్తే తన చేతిలో ఉండకపోవచ్చని వరండాలో చెప్పారు.

అక్టోబరు 25

చీరలు మూడూ మడత పెట్టి బీరువా అడుగున పెట్టాను.

నవంబరు 4

బరువు 64. కాటా ముల్లు సరిగ్గానే ఉంది. ఎప్పుడూ సరిగ్గానే ఉంది.

కడియం వెళ్ళక తప్పలేదు. తమ్ముడు ఆస్పత్రి నుంచి వచ్చాడు కాబట్టి ఒకపూట భోజనానికి రావాలని బుల్లెమ్మ వదిన కబురు. వాళ్ళ నర్సరీలో గులాబీ మడుల మధ్య నులకమంచం వేసి ఆయన్ని కూర్చోబెట్టారు. నేను నేరుగా వంటింట్లోకి వెళ్ళి, చప్పిడి అన్నం, ఉప్పులేని పప్పు క్యారియరులో తెచ్చానని చెప్పాను. వదిన క్యారియరు మూత తీసి, వాసన చూసి, మూత పెట్టేసింది.

"ఇది ఎవరికమ్మాయ్, కొత్తగా ఈనిన దానికా?"

"డాక్టరు గారు ఉప్పు మానెయ్యమన్నారు వదినా."

"డాక్టర్లు అలాగే అంటారు. మా మరిదికి చుట్ట మానెయ్యమన్నారు. మానలేదు. బాగానే ఉన్నాడు."

"ఆయన పోయి రెండేళ్ళయింది కదా వదినా."

"చుట్ట వల్ల కాదుగా. లారీ గుద్ది."

ఆయన్ని పిలిచి ఆకు వేసింది. పప్పుచారు, వేపుడు, ఉప్పుచేప, పక్కనే ఆవకాయ. "పథ్యమంటే రోగిష్టివాడికి. నా తమ్ముడు రోగిష్టివాడా? పేపర్లో వేశారు" అంటూ ఆవకాయ ముద్ద కలిపి స్వయంగా చేతికిచ్చింది. వాళ్ళింటికి వచ్చిన నర్సరీ బేరగాళ్ళు నలుగురు, వాళ్ళ మనుషులు, అందరూ చూస్తున్నారు. ఆయన ముద్ద పట్టుకుని నా వైపు చూశారు. అక్క చేతి ముద్ద ఆకులో పారెయ్యడం ఆయన వల్ల కాదు. నా వల్లా కాదు.

నోట్లోంచి వచ్చేసింది. "అది పథ్యం కాదు వదినా. దీక్ష."

"దీక్షేంటి?"

"ఆస్పత్రిలో మొక్కుకున్నాం. కోరుకొండ నరసింహస్వామికి. ఉప్పు, ఊరగాయ ముట్టనని."

వదిన ఆయన చేతిలోంచి ముద్ద తనే తీసేసుకుంది. లెంపలు వేసుకుంది. ఆకు తీయించి, ఆ చోటు తుడిపించి, కొత్త ఆకు వేయించింది. "ముందే చెప్పొద్దా అమ్మాయ్. ఆ పాపం నా మెడకి చుట్టుకునేది" అని నన్నే కోప్పడింది. నా చప్పిడి పప్పు వెండిగిన్నెలో వేసి తెచ్చింది. బేరగాళ్ళలో ఒకాయన లేచి ఆయనకి దణ్ణం పెట్టాడు.

గుండె నిపుణురాలు చెబితే లెక్క లేదు. నేను ఏడ్చి చెప్పినా లెక్క ఉండేది కాదు. ఒక్క అబద్ధానికి ఇల్లంతా దారి ఇచ్చింది.

తిరుగు బస్సులో ఆయన అడిగారు. "ఎప్పుడు మొక్కావు?"

"మీరు మత్తులో ఉన్నప్పుడు."

ఇంకాసేపటికి, "ఆ సంగతి స్వామికి తెలుసా?" అన్నారు.

నవంబరు 7

రాజమండ్రిలో మందులు కొనాలని చెప్పి బయల్దేరి కోరుకొండ వెళ్ళాను. నిటారు మెట్లు. పైన స్వామి ముందు నిలబడి ఉన్న సంగతి చెప్పాను. ఆస్పత్రిలో ఉన్ననాటి తేదీ వేసి మొక్కుకున్నాను. ఇప్పుడు లెక్క సరిపోయింది.

నవంబరు 9

బరువు 64. నేను కూడా ఉప్పు మానేశాను. ఇద్దరికీ రెండు వంటలంటే గ్యాసు దండగ.

డిసెంబరు 2

కాకినాడలో సన్మానం. ఆయన దీక్షలో ఉన్నారని మైకులో చెప్పించారు. వంటవాళ్ళు వేరే పొయ్యి మీద చప్పిడి పప్పు, నెయ్యి, అరటికాయ కూర వండారు. ఆయన పక్కన వీఐపీలు కూడా అదే వడ్డించమన్నారు. ఆయన తినేది మనకి పెట్టలేదేంటని వెనక వరసల్లో చిన్న గొడవ కూడా జరిగింది. బరువు 64.

2002 జనవరి 20

భీమరాజు గారు కూడా దీక్ష పట్టారు. వాళ్ళావిడ వచ్చి చెప్పింది. బీపీ తగ్గిందట, స్వామి మహిమట. ఇరవై ఏళ్ళుగా బీపీ డాక్టరు ఆయనకి చెబుతున్నది కూడా ఇదే మాట. పాపం, ఆ డాక్టరు కొండ మీద ఉండరు.

ఫిబ్రవరి 8

పరీక్షలకి రాజమండ్రి వెళ్ళాం. బరువు 63. వినీల గారు రిపోర్టు రెండుసార్లు చూసి, గుండె కొంచెం పుంజుకుందన్నారు. సాగింది మళ్ళీ పూర్తిగా రాదట, కానీ ఇలాగే ఉంటే చాలట. ఏం మార్చారని అడిగారు. చెప్పాను. అంతా విని నవ్వు ఆపుకున్నారు.

"మా పాస్టరు గారికి కూడా బీపీ ఉందండి. నా మాట అస్సలు వినరు. ఏం చెయ్యమంటారు?"

"వచ్చే వారం మీ నలభై రోజుల ఉపవాసాలు మొదలవుతాయి కదండీ. ఉప్పుతో మొదలుపెట్టమనండి."

ఆవిడ నిజంగానే చీటీ మీద రాసుకున్నారు.

ఆయన మందుల షాపుకి వెళ్ళినప్పుడు అడిగాను, ఆ విదేశాల పంపు ఏమైందని. మంచి ఫలితాలు వస్తున్నాయట. తీగ బయటికి రావడం, రక్తం గడ్డ కట్టడం, ఇలా ఇంకా చిక్కులున్నాయట. ఎంతోమంది, ఎన్నో ఏళ్ళుగా, దాని మీదే కూర్చున్నారట. "పదేళ్ళకో పదిహేనేళ్ళకో మన దగ్గరకీ వస్తుందండి. అప్పటిదాకా ఆయన్ని నిలబెట్టండి" అన్నారు.

మా షెడ్డులో పంపు పూర్తి కాదని నాకు మొదటి రోజునే తెలుసు. అడిగింది ఊరికే.

మార్చి 10

ఉపద్రవం. ఫాల్గుణ ఏకాదశికి కోరుకొండ తీర్థం. అక్కడికి ఊరేగింపుగా తీసుకెళ్ళి ఆయనకి దీక్ష విరమణ చేయిస్తారట. భీమరాజు గారు వంటవాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేశారు. విరమణ కాబట్టి పులిహోర, ఆవకాయ, అన్నీ స్వామి ప్రసాదంగా ఆయన నోటికి అందిస్తారట. ఇన్నాళ్ళ ఉప్పు ఒకేసారి తినిపిస్తారన్నమాట. పైగా ఆ మెట్లు.

"ఎన్నాళ్ళకి మొక్కుకున్నారండి? మండలమా, రెండు మండలాలా?" అని అరుగు మీద పది మందిలో అడిగారు. మా వారు నా వైపు చూశారు. ఈ మొక్కు ఎన్నాళ్ళకో ఆయనకి తెలియదు కదా.

"పంపు పూర్తయ్యేదాకా అండి" అన్నాను.

"సంకల్పమంటే అదండీ" అన్నారు భీమరాజు గారు. అడ్వాన్సు వెనక్కి అడగడానికి వెంటనే మనిషిని పంపారు.

మా వారు లోపలికి వచ్చి మంచినీళ్ళు అడిగారు. నా చేతి గ్లాసు వైపే చాలాసేపు చూశారు.

మార్చి 31

బరువు 63. ఎండలు. లీటరున్నర నీళ్ళతో ఇబ్బంది పడుతున్నారు. నిమ్మచెక్క నోట్లో పెట్టుకోమంటున్నాను.

ఏప్రిల్ 12

ఉదయభాస్కర్ గారు స్వీట్లు పట్టుకుని వచ్చారు. పంపు పూర్తయిందట. గులాబీ రంగు కూడా పోయి పసుపుకి దగ్గరగా వచ్చిందట, చక్రం అద్దంలా ఉందట. కాలేజీ వాళ్ళు వచ్చే వారమే ముగింపు సభ పెట్టి తనని ప్రిన్సిపాలు చేస్తారట. "ప్రాజెక్టు దిగ్విజయంగా పూర్తి" అని కార్డులు కొట్టడానికి ఇవ్వబోతున్నారు.

"పూర్తయిందంటే మనిషికి పెడతారాండీ?" అన్నాను.

"అబ్బే, అది వేరే సంగతండి. ప్రాజెక్టు పూర్తయింది."

కార్డు ఊరంతా పంచుతారు. పంచిన మర్నాడు భీమరాజు గారు గరిటె పట్టుకుని గుమ్మంలో ఉంటారు. వెనకే బుల్లెమ్మ వదిన, ఆవకాయ ముద్దతో.

"కరెంటు పోతే ఏంటండి?" అన్నాను.

"బ్యాటరీ ఉందండి ఇప్పుడు."

"బ్యాటరీ అయిపోతే?"

"ఇంకో బ్యాటరీ అండి."

"వానాకాలంలో తడిస్తే? గోదావరి గట్టున ఉండేవాళ్ళం. వరదొస్తే పీకల్లోతు నీళ్ళల్లో మనిషి గుండె ఏమవుతుంది? తలంటు పోసుకునేటప్పుడు ఆ తీగ ఎక్కడ పెట్టుకుంటాడు?"

ఉదయభాస్కర్ గారు దిక్కుతోచక షెడ్డు వైపు చూశారు. మా వారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు.

"అదీ కాక అంచు ఇంకా గరుగ్గా ఉందండి భాస్కర్ గారూ" అన్నారు.

"నిన్న నేనే చూశాను కదండీ, అద్దంలా ఉంది."

"ఇవాళ చూడండి."

చూశారు. వేలితో తడిమారు. గరుకుగానే ఉంది. పొద్దున్న నేను పిండి రుబ్బుతుంటే షెడ్డులోంచి ఆకురాయి చప్పుడు వినబడింది. ఏదో పని చేసుకుంటున్నారనుకున్నాను.

"ముగింపు సభ ఎందుకండి? రెండో దశ ప్రారంభం అని వెయ్యండి. ప్రారంభానికి మంత్రులు వస్తారు, ముగింపుకి ఎవరొస్తారు?" అన్నారు మా వారు.

ఉదయభాస్కర్ గారి మొహం మళ్ళీ వెలిగింది. స్వీట్లు ఇక్కడే మరిచిపోయి వెళ్ళారు. వాటిలో ఉప్పు ఉండదు కాబట్టి ఆయనకి ఒకటి ఇచ్చాను. సగం తుంచి నాకు పెట్టారు.

"స్వామికి కోపం రాదూ?" అన్నాను.

"ఎందుకొస్తుంది. పని చేస్తున్నాంగా" అన్నారు.

ఏప్రిల్ 21

రెండో దశ ప్రారంభోత్సవం. మంత్రిగారు రాలేదు, శాలువా పంపారు. అందరికీ చప్పిడి పప్పు.

ఏప్రిల్ 22

బరువు 63, శాలువా లేకుండా. పాదాలు నొక్కి చూశాను, గుంట పడలేదు. ఒక్క దిండు. షెడ్డులో ఆకురాయి చప్పుడు.

పంపు ఇంకా కాలేదు.